పాట కాదు, పాటు

నా చెవి మీద నాకున్నంత నమ్మకం ఈ లోకంలో మరి దేని మీదా లేదు. వంటింట్లో ఉండి, వీధి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వింటే చాలు, వచ్చిందెవరో చెప్పేస్తాను. ఫోన్లో "హలో" అన్న తీరుని బట్టి అవతలి మనిషి ఊరికే పలకరించడానికి చేశారో, ఏదైనా కబురు కడుపులో పెట్టుకుని చేశారో పట్టేస్తాను. మా ఇంట్లో వాళ్ళు దీన్ని జబ్బు అంటారు. నేను విద్య అంటాను. ఆ విద్యకి తెనాలిలో, నేను ఉద్యోగం చేసే చోటే, ఒక గురువారం మధ్యాహ్నం గట్టి దెబ్బ తగిలింది. చెప్పుకోవడానికి సిగ్గుగా లేదా అంటే ఉంది. అయినా చెప్తాను.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. వరి, మినుము పండించే ఇల్లు. బాపట్లలో ఇంజినీరింగ్ చదివాను, కంప్యూటర్ సైన్స్. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. పాప పుట్టింది, ఆ వెనకే మా మామగారు మంచాన పడ్డారు, తెనాలి వచ్చేశాం. "రెండేళ్ళు ఆగి మళ్ళీ చేరతాను" అని అందరికీ చెప్పాను. ఆ రెండేళ్ళు పదకొండేళ్ళయ్యాయి.

మళ్ళీ ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టాక ఒక వింత గమనించాను. పంపిన పావుగంటలోనే "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని జవాబు వచ్చేసేది. పావుగంటలో ఏ మనిషీ అంత చదవడు. నాతో చదువుకున్న స్నేహితురాలిని అడిగితే నవ్వి, "మనిషెక్కడే? చదివేది మిషను. మధ్యలో ఖాళీ కనిపిస్తే పక్కన పడేస్తుంది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పదకొండేళ్ళూ నేను ఒక మనిషికి మాట నేర్పాను, పక్షవాతం వచ్చిన ఇంకో మనిషికి పోయిన మాట మళ్ళీ పలికించాను. ఖాళీ అట! ఆ మిషను ఎదురుగా దొరికితే నాలుగు కడిగేసేదాన్ని.

అది దొరకలేదు కానీ దాని చెల్లెలు దొరికింది. హైదరాబాద్ కంపెనీ ఒకటి తెనాలిలో, స్టేషన్ దగ్గర ఒక మేడ మీద చిన్న ఆఫీసు తెరిచింది. కోస్తా రైతులకీ, మత్స్యకారులకీ వాళ్ళొక ఫోన్ నంబర్ ఇచ్చారు. దానికి ఫోన్ చేసి తెలుగులో ఏదైనా అడగవచ్చు. వాన ఎప్పుడు, గాలి ఎటు, హార్బరులో వేలం ఎన్ని గంటలకు, ఏదైనా సరే. విని జవాబు చెప్పేది మనిషి కాదు, మిషను. ఆ మిషనుకి మన మాటలు పట్టుబడాలంటే ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి. జనం అడిగిన ప్రశ్నల రికార్డింగులు మేం హెడ్‌సెట్‌లో వింటాం. మిషను రాసుకున్నది తెర మీద కనిపిస్తుంది. తప్పుంటే దిద్దుతాం. మేం దిద్దినదాన్ని అది పాఠంగా నేర్చుకుంటుంది. "ఉద్యోగంలో విరామం ఉన్న మహిళలకు ప్రాధాన్యం" అని ప్రకటనలో ఉంది. అది చదివి, ముఖం కూడా కడుక్కోకుండా దరఖాస్తు పెట్టాను.

ఏడుగురం ఆడవాళ్ళం చేరాం. వీధిలో వాళ్ళు దాన్ని టైపింగ్ సెంటర్ అనేవారు. "టైపింగ్ కాదండి, మిషనుకి తెలుగు నేర్పుతున్నాం" అని మా ఎదురింటావిడకి గర్వంగా చెప్పాను. "అవునా? మీకెవరు నేర్పుతున్నారమ్మా?" అంది ఆవిడ. వెటకారమే కానీ, ఆ ప్రశ్నలో పస ఉందని తర్వాత తెలిసింది.

మూడు నెలలు తిరిగేసరికి నన్ను చెకర్‌ని చేశారు. అంటే మిగిలిన ఆరుగురు దిద్దినవి నా దగ్గరికి వస్తాయి. నేను మళ్ళీ విని, సరే అంటే సరే, కాదంటే కాదు. నాకు సరిపోయిన కుర్చీ అనుకున్నాను. కాలు మీద కాలేసుకుని మరీ కూర్చున్నాను.

ఆ ఆరుగురిలో ఒక అమ్మాయి నిజాంపట్నం దగ్గర పల్లెపాలెం నుంచి వచ్చేది. వాళ్ళది చేపల పని చేసుకునే ఇల్లు. పొద్దున్నే బస్సెక్కి రేపల్లె వచ్చి, అక్కడ రైలెక్కి తెనాలిలో దిగేది. డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయింది. మా అందరిలోకీ చిన్నది, మాట తక్కువ. ఎండు చేపల కూర తెచ్చుకున్న రోజున డబ్బా పట్టుకుని వరండాలోకి వెళ్ళి తినేది. వెళ్ళమని మేమెవరం అనలేదు. లోపలే కూర్చోమనీ అనలేదు.

మా పనికి ఉన్న మొదటి నియమం విన్నది విన్నట్టు రాయడం. నేను దాన్ని పాటించలేదు. మంచి ఉద్దేశంతోనే పాటించలేదు, అదే గొడవ. ఆ అమ్మాయి "వానొచ్చుద్దా" అని రాస్తే నేను "వాన వస్తుందా" అని మార్చేదాన్ని. "ఇయ్యాల" అంటే "ఈ రోజు". మిషను పదిమందితో మాట్లాడాలి, కాస్త మంచి తెలుగు నేర్చుకుంటే దాని సొమ్మేం పోయింది అని నా వాదన. బళ్ళో నాకు తెలుగులో ఎప్పుడూ మొదటి మార్కే.

అలా దిద్దుతూ ఉండగా ఒక మాట పదేపదే తగలడం మొదలైంది. "రేపు పాటు ఎన్నింటికండి?" అని ఆ అమ్మాయి రాసేది. నేను కొమ్ము తీసేసి "రేపు పాట ఎన్నింటికండి?" అని మార్చేదాన్ని. హార్బరులో పాట అంటే వేలంపాట. పడవల వాళ్ళు రోజంతా ఫోన్లు చేసి అడిగేది అదే. ఈ సంగతి హైదరాబాద్‌లో కూర్చున్న వాళ్ళకి తెలియదు. ఎవరో పాట పాడతారేమో అనుకుంటారు. నాకు తెలుసు కాబట్టి నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటిసారి మార్చినప్పుడు ఆ అమ్మాయి లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, అది పాటు కదండీ?"

"పాటేంటమ్మాయ్, పాట! వేలంపాట. నేను రేపల్లె దాన్నే. హార్బరు సంగతి నాకు తెలీదనుకున్నావా?"

ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. వెళ్ళి కూర్చుంది. నేను తర్వాతి ఫోన్ వినడంలో పడ్డాను.

ఇక్కడ మా సోమవారాల గురించి చెప్పాలి. ప్రతి సోమవారం కంప్యూటరే మా పేర్లకి రంగులు వేసేది. చెకర్ కొట్టేసిన తప్పులు తక్కువుంటే పచ్చ, కొంచెం ఉంటే పసుపు, ఎక్కువుంటే ఎరుపు. వరసగా నాలుగు వారాలు ఎరుపులో ఉంటే ఆ సీటు పోతుంది. నాది ఎప్పుడూ పచ్చే. నేను దిద్దినదే ఒప్పు అయినప్పుడు నాకు తప్పులెక్కడి నుంచి వస్తాయి? ఆ చిన్న లెక్క అప్పట్లో నాకు తట్టలేదు.

ఆ అమ్మాయి మూడు వారాలు వరసగా ఎరుపులో పడింది. బుధవారం హైదరాబాద్ నుంచి మేనేజర్ ఫోన్ చేశాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడు.

"మేడం, ఆ అమ్మాయి పికప్ అవడం లేదండి. ఈ వారం కూడా ఎరుపే వచ్చేలా ఉంది, సోమవారం సిస్టమే సీటు క్లోజ్ చేసేస్తుంది. రేపు మీ స్క్రీన్ మీద ఒక కన్ఫర్మేషన్ వస్తుంది, సరే అని నొక్కండి చాలు."

నొక్కేదాన్నే. అబద్ధం ఎందుకు చెప్పాలి? పాపం అనిపించింది, కానీ పని రానివాళ్ళని మోస్తే మిగిలినవాళ్ళకి అన్యాయం కదా అని కూడా అనిపించింది. ఆ గురువారం అన్నం తిని వచ్చి నొక్కుదామని లేచాను. తిని వచ్చేసరికి ఫిర్యాదుల బుట్టలో కొత్త రికార్డింగ్ ఉంది. ముందు దాన్ని వినేసి తర్వాత నొక్కుదామని హెడ్‌సెట్ పెట్టుకున్నాను.

వయసు మళ్ళిన ఆడమనిషి గొంతు. వెనక గాలి హోరు.

"ఏంటండి మీ మిషను? పాటు ఎన్నింటికని అడిగితే పొద్దున ఆరింటికని చెప్పింది. ఆరింటికి కాలవలో దిగాం. పాటెక్కడండి? పోటు ఎక్కేస్తంది! నడుంలోతు నీళ్ళు. నాతో వచ్చినావిడకి ఈత కూడా రాదు. జుట్టు పట్టుకుని గట్టుకి లాక్కొచ్చాను. గుల్లల బుట్ట పోతే పోయింది, మనిషి పోతే మీరు తెచ్చిస్తారా?"

ఆవిడ ఆగగానే మిషను చల్లగా జవాబు చెప్పింది. "హార్బరులో రేపటి పాట ఉదయం ఆరు గంటలకు మొదలవుతుంది. ధన్యవాదాలు."

తెర మీద మిషను రాసుకున్నది చూశాను. "పాట ఎన్నింటికని అడిగితే" అని శుభ్రంగా, తప్పులేని తెలుగులో ఉంది. అచ్చం నేను దిద్దినట్టే ఉంది. ఆ పొరపాటూ నాదే.

ఆ అమ్మాయిని పిలిచి పక్కన కుర్చీ వేశాను. రికార్డింగ్ వినిపించాను. వింటూ ఉండగానే ఆమె ముఖం మారిపోయింది.

"ఈవిడ ఎవరో తెలీదండి. మా అమ్మ కూడా ఇలాగే దిగుతదండి. నీళ్ళు ఎనక్కి తీస్తే పాటు. పైకి ఎక్కితే పోటు. పాటుకి కాలవలో బురద బయటపడుద్ది కదండీ, అప్పుడు మడచెట్ల కాడికి పోయి గుల్లలు, పీతలు ఏరుకుంటారు. పోటు ఎక్కేలోపు గట్టుకి వచ్చేయాలండి."

బళ్ళో ఆటుపోట్లు అని చదువుకున్నాను. పోటు తెలుసు. పాటు తెలియదు. మా ఊరి నుంచి బస్సెక్కితే సముద్రం ఎంతో దూరం లేదు. కానీ మా ఇంటి గుమ్మం వరిచేల వైపు ఉండేది, మా మాటలన్నీ అటు వైపువే. రేపల్లె దాన్నే అని గొప్పగా అన్నానే, రేపల్లెలో సగమే నాకు తెలుసని ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను.

"మరి నాకు గట్టిగా ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. తప్పు కాస్త ఆమె మీదకి తోద్దామన్న ఆశ ఆ ప్రశ్నలో ఉంది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"చెప్పాను కదండి. మీరు ఇంజినీరింగ్ చదివారు, నాది సగంలో ఆగిన డిగ్రీ. నేనే తప్పు విన్నానేమో అనుకున్నాను. ఎరుపు వస్తందని నేను కూడా కొన్నాళ్ళు పాట అనే రాశానండి. మళ్ళీ మా అమ్మ గుర్తొచ్చి పాటు అని రాసేదాన్ని."

ఉన్న ఏడుగురిలో పాటు అనే మాట తెలిసిన మనిషి ఒక్కతే. సీటు నిలబెట్టుకోవాలంటే ఆ తెలిసిన మాటనే వదులుకోవాలని నేను ఆమెకి నేర్పాను. పేరుకి మిషనుకి పాఠాలు చెప్తున్నానుగానీ అసలు పాఠం ఈ పిల్లకి చెప్పాను. నా పదకొండేళ్ళనీ ఖాళీ అని పక్కన పడేసిన మిషను మీద ఎంత కోపం తెచ్చుకున్నానో! ఆ మిషనుకి కూడా ఎక్కడో నాలాంటి మనిషే ఒకరు, తనకి అన్నీ తెలుసన్న నమ్మకంతో, పాఠం చెప్పి ఉంటారు.

బాధపడుతూ కూర్చునే అలవాటు నాకు లేదు. వెంటనే మేనేజర్‌కి వీడియో కాల్ చేశాను. ముందు, ఎవరైనా పాట అని అడిగితే మిషను టైం చెప్పకుండా ఆపించమన్నాను. రికార్డింగ్ వినిపించాను. అతను మంచివాడు, మారు మాట్లాడకుండా అప్పటికప్పుడే ఆపించాడు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాను.

"ఆ అమ్మాయి సీటు తీయకండి. ఆమె తప్పులన్నీ నేను చేసిన తప్పులు."

"మేడం, అలా రాస్తే మీ స్కోర్ మీద పడుతుంది."

"పడనివ్వండి."

"అది కాదండి. ఆ అమ్మాయికి ఇంగ్లీష్ కూడా సరిగ్గా రాదు. గైడ్‌లైన్స్ అన్నీ ఇంగ్లీష్‌లోనే వస్తాయి కదా?"

"గైడ్‌లైన్స్ తెలుగులో నేను రాసిస్తాను, రెండు రోజుల పని. పాటు అనే మాట ఇంగ్లీష్‌లోంచి మీరు తెచ్చిస్తారా? ఇప్పటిదాకా మన మిషను నేర్చుకున్నది ఎక్కువగా పడవల వాళ్ళ ఫోన్ల నుంచి, అంటే మగవాళ్ళ ఫోన్ల నుంచి. వాళ్ళకి కావలసింది పాట. కాలవలో దిగే ఆడవాళ్ళు అడిగేది పాటు. వాళ్ళ ఫోన్లు తక్కువ, అవి అర్థమయ్యే మనిషి ఇక్కడ ఒక్కతే. ఆమెని కూడా తీసేస్తే రేపు కాలవలో ఎవరైనా పోయినా, అది కూడా మనకి వేలంపాటలాగే వినిపిస్తుంది."

చివరికి అతను ఒక షరతు పెట్టాడు. నేను పాటగా మార్చిన రికార్డింగులన్నీ మళ్ళీ వినాలి. నేనూ, ఆ అమ్మాయీ కాకుండా మూడో మనిషి విని తేల్చాలి. సోమవారంలోపు తేలితే సరే, లేకపోతే సీటు సంగతి తన చేతుల్లో ఉండదన్నాడు.

మూడో మనిషిగా మా ఏడుగురిలోనే ఒకరైన టీచరమ్మగారిని అడిగాను. రేపల్లెలో లూథరన్ బడిలో చేసి రిటైరయ్యారు. ఊరికే ఇంట్లో కూర్చోలేక మాతో చేరారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని వినడం మొదలుపెట్టారు. శుక్రవారం, శనివారం అదే పని. ఒక్కొక్కటీ రెండేసి సార్లు విన్నారు. "పాట" అన్నప్పుడు ఎడమ చెయ్యి, "పాటు" అన్నప్పుడు కుడి చెయ్యి ఎత్తేవారు. శుక్రవారం సాయంత్రానికే కుడి చెయ్యి నొప్పి పుడుతోందన్నారు. నాకైతే ఆ చెయ్యి లేచిన ప్రతిసారీ చెంప మీద పడ్డట్టే ఉంది.

అన్నీ అయ్యాక కళ్ళజోడు పెట్టుకుని నా వంక చూశారు. "ఇన్నేళ్ళు పిల్లలకి డిక్టేషన్ చెప్పానమ్మా. చెప్పింది రాయకుండా సొంతంగా బాగుచేసి రాసే పిల్లలు ప్రతి క్లాసులో ఒకరుంటారు. తెలివైనవాళ్ళే. వాళ్ళకి నేను మార్కులు వేసేదాన్ని కాదు" అన్నారు. నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

సోమవారం రంగులు వచ్చాయి. పాత లెక్కలు తిరగరాసి కొత్తగా వేశారు. ఆ అమ్మాయి పేరు పచ్చగా ఉంది. నా పేరు పక్కన ఎరుపు. అది చూడగానే ఎంత తప్పు ఒప్పుకున్నదాన్నైనా రోషం వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఎర్రసిరా ఎదుటివాళ్ళ కాగితాల మీదే చూశానుగానీ నా కాగితం మీద ఎప్పుడూ చూడలేదు. ఆ రోజంతా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మర్నాడు మామూలుగానే టిఫిన్ చేసి ఆఫీసుకి వెళ్ళాను. ఒక వారం ఎరుపుకి ఉద్యోగం వదిలేసి పోయే మనిషిని కాదు. మళ్ళీ పదకొండేళ్ళు ఆగే ఓపిక నాకు లేదు.

ఆ తర్వాత చెకర్ పని విడదీయమని నేను అడిగితే దానికి కూడా కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నారు. చెకర్ పని రెండుగా విడిపోయింది. పొలం ఫోన్లు నేను చూస్తాను. సముద్రం ఫోన్లు ఎవరు దిద్దినా, నేను దిద్దినా సరే, చివర ఆ అమ్మాయి చూస్తుంది. గైడ్‌లైన్స్ తెలుగులో రాసిచ్చాను. ఆమె వాటిని రైల్లో వస్తూ పోతూ చదివేసి, అర్థంకాని చోట్లు గీత గీసి తెచ్చింది. ఎక్కడెక్కడ గీసిందా అని చూస్తే, అన్నీ నేను గొప్ప మాటలు వాడిన చోట్లే. వాటిని మార్చి మళ్ళీ రాశాను.

ఆమె చెకర్ కుర్చీలో కూర్చున్న మొదటి రోజునే నేను దిద్దిన ఫోన్ ఒకటి వెనక్కి వచ్చింది. "వల ఎటుందండి?" అని నేను రాశాను. వల ఎటో కొట్టుకుపోయి ఉంటుంది, పాపం వెతుక్కుంటున్నాడు అనుకున్నాను. ఆమె "వల" కొట్టేసి "వాలు" అని రాసి పంపింది. నీళ్ళు ఎటు లాగుతున్నాయని అతను అడుగుతున్నాడట. నాకు చర్రున కోపం వచ్చింది. లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను.

"అమ్మాయ్, నువ్వు సరిగ్గా విన్నావా?"

ఆమె తెర మీద నుంచి చూపు తిప్పి నా ముఖంలోకి చూసింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"నేను విన్నానండి. మీరే వినలేదండి."

పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుని, హెడ్‌సెట్ ఇవ్వమని చెయ్యి చాపాను.